ప్యాంక్రియాటైటిస్ ఎంత తీవ్రమో మొదటి 48 గంటల్లో తేల్చుకోవడం ఎలా

పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ప్యాంక్రియాటైటిస్‌తో (క్లోమం వాపుతో) తిరుపతికి రెఫరై వచ్చే రోగి చేతిలో మామూలుగా రెండు కాగితాలుంటాయి. ఒకటి లైపేజ్ (క్లోమం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము) రిపోర్టు, రెండోది పొట్ట స్కానింగ్ రిపోర్టు. లైపేజ్ 2,400 ఉంటే అందరికీ కంగారు, 500 ఉంటే అందరికీ నిశ్చింత. రెండూ పొరపాటే. లైపేజ్ జబ్బు ఉందో లేదో చెబుతుంది గానీ ఎంత ముదిరిందో చెప్పదు. ఆ సంగతి ఊపిరితిత్తులు, కిడ్నీలు, బీపీ చెబుతాయి. వాటిని ఏ గంటకు ఎలా కొలవాలో, లెక్క ఎక్కడ తప్పుతుందో ఇక్కడ రాస్తున్నాం. వార్డులో ఉండే హౌస్‌సర్జన్లు, ఏరియా ఆస్పత్రుల డ్యూటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం రాసింది ఇది.

ముందు జబ్బు అదేనా?

మూడింటిలో రెండు ఉండాలి: పొట్ట పైభాగంలో పుట్టి వీపులోకి పాకే గట్టి నొప్పి, లైపేజ్ లేదా అమైలేజ్ మూడు రెట్లు పెరగడం, స్కానులో క్లోమం వాపు. మూడు రెట్లంటే ఆ ల్యాబు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు. పరిమితి 60 ఉన్న ల్యాబులో 400 అంటే ఆరు రెట్లు దాటినట్టు. పరిమితి 190 ఉన్నచోట అదే 400 మూడు రెట్లకు కూడా రాదు. అందుకే అంకె పక్కన పరిమితి కూడా రాయండి.

నొప్పి మొదలై నాలుగైదు రోజులైన రోగిలో అమైలేజ్ మామూలుకు వచ్చేసి ఉండొచ్చు, లైపేజ్ మాత్రం వారం పైన నిలుస్తుంది. ట్యూబులో సీరం పాలలా తెల్లగా కనిపిస్తే ట్రైగ్లిజరైడ్లు పంపండి. అవి 1,000 దాటితే అవే కారణం కావచ్చు. పైగా ఆ తెలుపు వల్ల అమైలేజ్ మామూలుగానూ, సోడియం తక్కువగానూ తప్పుడు రిపోర్టు రావచ్చు. ఈసీజీ, నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రే చూడకుండా ప్యాంక్రియాటైటిస్ అని రాసెయ్యకండి. గుండె కింది భాగపు పోటు, పేగు చిల్లు రెండూ ఇలాగే మొదలవుతాయి.

జబ్బు ఖాయమయ్యాక లైపేజ్ మళ్లీ మళ్లీ పంపే పని లేదు. రౌండ్సులో అటెండెంట్లు అడుగుతారు: “సార్, నిన్న 1,800 ఉన్నింది, ఈరోజు 400కు దిగింది, తగ్గిపోయినట్టే కదా?” నెమ్మదిగా చెప్పండి: “అమ్మా, ఆ అంకె ఎట్లైనా దిగుతుంది. మేం చూసేది ఊపిరి, మూత్రం, బీపీ. అవి బాగుంటే అప్పుడు తగ్గినట్టు.” రోజూ లైపేజ్ పంపుతూ ఉంటే ఈ మాట వాళ్లు నమ్మరు.

గడియారం సరిచేసుకోండి

ఇక్కడ తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. రాసుకోవాల్సిన వేళలు రెండున్నాయి. నొప్పి మొదలైన వేళ ఒకటి, ఏదైనా అవయవం దెబ్బతిన్నట్టు మొదట కనిపించిన వేళ రెండోది. సీటీ ఎప్పుడు తీయాలో, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) ఎప్పుడు పంపాలో మొదటిది చెబుతుంది. జబ్బు ‘తీవ్రం’ అవునో కాదో రెండోది తేలుస్తుంది. అడ్మిషన్ వేళ ఈ రెండింటిలో దేనికీ సాటి రాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ అనుకుని సూది వేయించుకుని, ఏరియా ఆస్పత్రిలో ఒక రాత్రి డ్రిప్పు మీద ఉండి వచ్చిన మనిషికి మీ వార్డులో మొదటి రోజంటే జబ్బుకు మూడో రోజు.

“ఎప్పటి నుంచి నొప్పి?” అంటే “నిన్నటి నుంచి” అంటారు. అది చాలదు. “రాత్రి అన్నం తిన్న తర్వాతా? అప్పుడు నిద్ర పట్టిందా? తెల్లారి పాలు పోసేవాడు వచ్చేసరికి ఉన్నిందా?” అని పనులకు ముడిపెట్టి అడగండి. కొండకు వచ్చిన యాత్రికుడైతే అలిపిరి మెట్లెక్కేటప్పుడా, క్యూలో ఉన్నప్పుడా, కిందికి దిగాకనా అని అడిగితే గంట తేడాలో జవాబొస్తుంది. అలాంటివాళ్ల దగ్గర పాత రిపోర్టులుండవు. ఇంట్లోవాళ్లతో ఫోటో తీయించి ఫోనుకు పంపమనండి. పాత క్రియాటినిన్ ఎంతో తెలియకపోతే కిడ్నీ లెక్క తర్వాత చిక్కుముడి అవుతుంది.

మొదటి గంటలో

బరువు చూడండి, లేదంటే అంచనాగా అయినా రాయండి. డ్రిప్పు, మూత్రం లెక్కలు రెండూ బరువు మీదే నడుస్తాయి. నాడి, బీపీ, జ్వరం, శాచ్యురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎవరైనా చూస్తారు. శ్వాస లెక్క మాత్రం వార్డుల్లో అన్నింటికంటే ఎక్కువగా ఊహించి రాసే అంకె. ప్రతి చార్టులోనూ 20 ఉంటుంది. నాడి పట్టుకున్నట్టే చెయ్యి ఉంచి, రోగికి చెప్పకుండా, నిండుగా ఒక నిమిషం ఛాతీ కదలిక లెక్కపెట్టండి. 20కీ 26కీ మధ్యలోనే సిర్స్ దాగి ఉంటుంది.

సిర్స్ అంటే ఒళ్లంతా పాకిన వాపు ప్రతిస్పందన. కింది నాలుగింటిలో రెండుంటే ఉన్నట్టు: జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటడం లేదా 96.8 కన్నా తగ్గడం. నాడి 90 పైన. శ్వాస 20 పైన. తెల్ల కణాలు 12,000 పైన లేదా 4,000 లోపు. అడ్మిషన్ వేళ సిర్స్ ఉండటం వింతేమీ కాదు, నొప్పికే నాడి 110కి పోతుంది. నొప్పి మందు ఇచ్చి, డ్రిప్పు పెట్టి, 24 గంటలయ్యాక, 48 గంటలయ్యాక కూడా అది నిలిచి ఉంటే అప్పుడు ఉలిక్కిపడాలి.

మొదటి రక్త పరీక్షల్లో ఇవి తప్పనిసరి: హిమటోక్రిట్‌తో (రక్తంలో ఎర్ర కణాల శాతంతో) సహా రక్త కణాల లెక్క, యూరియా, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్లు, చక్కెర, కాల్షియం, ఆల్బుమిన్, లివర్ పరీక్షలు. ఆల్బుమిన్ తక్కువుంటే కాల్షియం ఉత్తుత్తిగా తక్కువ కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గిందో ఆ తేడాను 0.8తో గుణించి కాల్షియానికి కలపండి. హిమటోక్రిట్ 44 లేదా ఆ పైన ఉండి, 24 గంటల డ్రిప్పు తర్వాత కూడా దిగకపోతే క్లోమం కుళ్లే ప్రమాదం ఎక్కువ. అయితే దారిలో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించుకొచ్చిన రోగిలో 39 చూసి సంతోషించకండి. నీళ్లు కలిసిన అంకె అది. రెఫర్ చేసినచోట తీసిన మొదటి శాంపిల్ రిపోర్టు అడిగి తెప్పించుకోండి.

బైసాప్: ఐదు ప్రశ్నలు, ఒక ఉచ్చు

మంచం దగ్గర పనికొచ్చే స్కోరు బైసాప్. మొదటి 24 గంటల్లో ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. బీయూఎన్ (రక్తంలోని యూరియా నైట్రోజన్) 25 దాటిందా? తెలివిలో మార్పుందా? సిర్స్ ఉందా? వయసు 60 దాటిందా? ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా? అవును అన్న ప్రతిదానికీ ఒక మార్కు. మూడు లేదా ఆపైన వస్తే ప్రాణాపాయం బాగా పెరుగుతుంది, ఐసీయూ మంచం అడగండి.

ఉచ్చు మొదటి ప్రశ్నలోనే ఉంది. మన ల్యాబుల్లో ఎక్కువ భాగం ఇచ్చేది బ్లడ్ యూరియా, బీయూఎన్ కాదు. యూరియాను 2.14తో భాగిస్తే బీయూఎన్ వస్తుంది. అంటే 25 హద్దు యూరియాలో దాదాపు 54. యూరియా 40 చూసి మార్కు వేసేస్తే లేని తీవ్రత వస్తుంది, ఎందుకంటే అసలు బీయూఎన్ 19 మాత్రమే. రిపోర్టు మీద ఏ పేరుందో చూశాకే మార్కు వేయండి.

తెలివి ప్రశ్న దగ్గర ఇంకో చిక్కు. మద్యం అలవాటున్న మనిషి మానేసిన రెండో మూడో రోజున వణుకుతూ, చెమటలు పడుతూ, పొంతన లేకుండా మాట్లాడతాడు. మార్కు ఎలాగూ పడుతుంది, కాని పక్కన ‘మద్యం మానిన లక్షణాలు ఉన్నాయి’ అని రాసి, థయమిన్ మొదలుపెట్టి, ఆ వైద్యం కూడా చేయండి. ఆ వణుకే నాడిని పెంచి సిర్స్ మార్కు కూడా తెచ్చిపెడుతుంది. అలాగే నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చిన పెద్దాయన మీ తెలుగు ప్రశ్నకు తడబడితే అది తెలివి తప్పడం కాకపోవచ్చు. ఆయనకు తమిళమే సులువేమో. కుప్పం వైపు వాళ్లయితే కన్నడం కావచ్చు. వాళ్ల భాషలో అడిగించి చూడండి.

నీరు చేరిందా లేదా అన్నది పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో తేలదు. నీరు వెనక్కి పరుచుకుని కొద్దిగా మసకగా మాత్రమే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పక్కటెముకల మీద పెడితే రెండు నిమిషాల పని. ఎడమ వైపు ముందు చూడండి, ఎక్కువగా అక్కడే చేరుతుంది.

ఇక 1974 నాటి రాన్సన్ స్కోరుకు 11 అంశాలు కావాలి, పూర్తి కావడానికి 48 గంటలు పడుతుంది. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి చదవండి. రాత్రి రెండు గంటలకు నిర్ణయం తీసుకోవడానికి అది అక్కరకు రాదు. ఐసీయూ రోగులకు వాడే అపాచీ టూ స్కోరు మంచిదే, 8 లేదా ఆపైన వస్తే ప్రమాదమే, కాని డజను కొలతలు కావాలి, ఐసీయూ బయట ఎవరూ సరిగా నింపరు.

అసలు తీర్పు: మార్షల్ స్కోరు

బైసాప్ రాబోయేదాన్ని ఊహిస్తుంది. ఇప్పటికే అవయవం దెబ్బతిందా అన్నది సవరించిన మార్షల్ స్కోరు చెబుతుంది. ఈ జబ్బును స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని విడగొట్టే, 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ నిలబడ్డది దీనిమీదే. చూడాల్సినవి మూడే: ఊపిరితిత్తి, కిడ్నీ, రక్త ప్రసరణ. ఏ ఒక్కదానికి 2 వచ్చినా ఆ అవయవం విఫలమైనట్టే. మూడింటినీ కూడి చూడకండి.

కిడ్నీ సులువు. క్రియాటినిన్ 1.4 లోపు సున్నా, 1.4 నుంచి 1.8 వరకు 1, 1.9 వస్తే 2. పాత కిడ్నీ జబ్బున్న రోగికి ముందే 2.2 ఉంటే ఈ మెట్లు సరిపోవు. పాత అంకెతో పోల్చి ఎంత పెరిగిందో చూడాలి. నొప్పికని ఊళ్లో డైక్లోఫెనాక్ సూదులు పడ్డాయా అని కూడా అడగండి, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీని ఇంకా నొక్కుతాయి.

రక్త ప్రసరణకు: పై బీపీ 90 దిగి, డ్రిప్పుతో కోలుకుంటే 1. డ్రిప్పు ఇచ్చినా కోలుకోకపోతే 2. దానికి తోడు రక్తం పీహెచ్ 7.3 కన్నా తగ్గితే 3. అందుకే బీపీ అంకె ఒక్కటే కాక, ‘ఇన్ని మి.లీ. ఇచ్చాక ఇంత’ అని రాయాలి.

ఊపిరితిత్తి దగ్గరే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. ఏబీజీలోని (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్షలోని) ఆక్సిజన్ అంకెను రోగి పీలుస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగించాలి. 400 పైన సున్నా, 301 నుంచి 400 వరకు 1, 300 లేదా ఆ లోపు 2, 200కు దిగితే 3, 100కు దిగితే 4. గది గాలిలో భాగం 0.21. ముక్కు గొట్టంతో 2 లీటర్లయితే సుమారు 0.25, 4 లీటర్లయితే 0.30, మాస్కుతో 6 నుంచి 8 లీటర్లయితే 0.40, 9 నుంచి 10 అయితే 0.50 అని లెక్క.

దీన్ని తిరగేసి చూడండి. గది గాలిలో ఏబీజీ ఆక్సిజన్ 63 ఉంటే 63ను 0.21తో భాగించగా 300 వస్తుంది. అంటే శాచ్యురేషన్ గది గాలిలో 90, 91 దగ్గర ఆడుతున్న మనిషికి అప్పటికే ఊపిరితిత్తి 2 మార్కులు కొట్టింది. రెండు లీటర్ల గొట్టం తగిలించి 97 చూసి ‘శాచ్యురేషన్ బాగుంది’ అని హ్యాండోవర్‌లో చెబితే ఆ వైఫల్యం కాగితం మీద మాయమవుతుంది. శాచ్యురేషన్ రాసిన ప్రతిచోటా ఎన్ని లీటర్ల మీదో రాయండి.

ఏబీజీ శాంపిల్లో గాలి బుడగ ఉంటే ఆక్సిజన్ అంకె గది గాలి వైపు జరుగుతుంది. అరగంట టేబుల్ మీద వదిలేస్తే దిగుతుంది. తీసిన వెంటనే బుడగలు తోలేసి, మూతపెట్టి మెషిన్ దగ్గరికి నడవండి. ఏబీజీ లేని ఆస్పత్రిలో శాచ్యురేషన్‌ను అదే భాగంతో భాగించి చూడొచ్చు. 315 కన్నా తగ్గితే పైన చెప్పిన 300 హద్దు కిందికి దిగినట్టు అంచనా. అయితే శాచ్యురేషన్ 97 దాటి ఉంటే ఈ లెక్క నడవదు.

ఒక లెక్క చేద్దాం. 48 ఏళ్ల మనిషి, నాడి 112, శ్వాస 26, జ్వరం లేదు, తెల్ల కణాలు 14,800, యూరియా 64, తెలివి బాగుంది, ఎడమ వైపు నీరుంది. బీయూఎన్ 30 కాబట్టి ఒకటి, సిర్స్‌కు ఒకటి, నీటికి ఒకటి, బైసాప్ 3. నాలుగు లీటర్ల ఆక్సిజన్ మీద ఏబీజీ 72. దాన్ని 0.30తో భాగిస్తే 240, ఊపిరితిత్తికి 2. క్రియాటినిన్ 1.6, కిడ్నీకి 1. బీపీ 110, సున్నా. ఇప్పుడు కేస్‌షీట్‌లో ‘తీవ్రం’ అని రాయొచ్చా? రాయకూడదు. ఊపిరితిత్తి ఈ వేళ నుంచి 48 గంటల్లో కోలుకుంటే అది మధ్యస్థ తీవ్రత. 48 గంటలు దాటినా నిలిచే ఉంటే అప్పుడు తీవ్రం. అంతవరకు ‘ఒక అవయవ వైఫల్యం, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి’ అని రాసి, తీవ్రమన్నట్టే చూసుకోండి.

డ్రిప్పు, మూత్రం, మళ్లీ కొలత

తీవ్రతను కొలవడానికి డ్రిప్పు కూడా ఒక పనిముట్టే. దానికి ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూస్తేనే పై అంకెలకు అర్థం వస్తుంది. ఒకప్పుడు కుండపోతగా పోసేవారు. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ అధ్యయనంలో ధారాళంగా పోసిన వాళ్లలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైంది, మితంగా పోసిన వాళ్లలో 6.3 శాతానికే. ఎక్కువ పోసినందువల్ల జబ్బు తీవ్రత తగ్గలేదు. మితమంటే రింగర్ లాక్టేట్ గంటకు కిలోకు 1.5 మి.లీ. నీళ్లు తగ్గిన లక్షణాలుంటే ముందు కిలోకు 10 మి.లీ. రెండు గంటల్లో. 60 కిలోల మనిషికి మొదట 600 మి.లీ., తర్వాత గంటకు 90 మి.లీ. 20 చుక్కల సెట్టులో అది నిమిషానికి 30 చుక్కలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఇంకా జాగ్రత్త.

మూత్రం గంటకు కిలోకు 0.5 మి.లీ. రావాలి, అదే మనిషికి 30. కాథెటర్ సంచిలో పొద్దున ఒకేసారి 500 చూసి సరిపెట్టుకోకండి. రాత్రి 10 నుంచి 2 వరకు చుక్క రాకుండా తెల్లారి వచ్చి ఉండొచ్చు. గంటగంటకూ రాసే చార్టు మంచానికే కట్టండి.

డ్రిప్పు నడుస్తుండగా 12 గంటలకోసారి యూరియా, హిమటోక్రిట్ చూడండి. యూరియా దిగకుండా పెరుగుతూ పోతే అడ్మిషన్ అంకె ఎంతున్నా చెడ్డ సూచనే. సీఆర్‌పీ నొప్పి మొదలైన 48 గంటలప్పుడు పంపండి. లీటరుకు 150 మి.గ్రా. దాటితే క్లోమం కుళ్లుతోందని అనుమానించాలి. మొదటి రోజు పంపిన సీఆర్‌పీ తక్కువ రావడం మామూలే, దానికి విలువ లేదు. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు ఇస్తాయి, అక్కడ హద్దు 15.

పొట్ట బిగిసి ఊదుతూ, మూత్రం తగ్గుతూ, ఊపిరి ఆడకపోతూ ఉంటే పొట్ట లోపలి ఒత్తిడి కొలవండి. రోగిని వెల్లకిలా చదునుగా పడుకోబెట్టి, కాథెటర్ ద్వారా మూత్రాశయంలోకి 25 మి.లీ. సెలైన్ పోసి, నడుము ఎముక దగ్గర, చంక మధ్య నుంచి దిగే రేఖ మీద సున్నా పెట్టి, ఊపిరి వదిలిన చివర నీటి మట్టం చూడండి. సెంటీమీటర్లలో వచ్చిన అంకెను 1.36తో భాగిస్తే పాదరసం మి.మీ. లోకి వస్తుంది. 12 దాటితే ఒత్తిడి ఎక్కువ. 20 దాటి కొత్తగా అవయవం చెడుతుంటే సర్జన్‌ను అప్పుడే పిలవాలి.

బొడ్డు చుట్టూ, నడుము పక్కల నీలం కమలడం పుస్తకాల్లో పెద్ద బొమ్మతో ఉంటుంది. అరుదు, పైగా ఆలస్యంగా వస్తుంది. దుప్పటి మార్చేటప్పుడు సిస్టర్ ఒకసారి చూస్తే చాలు.

సీటీ తొందర

మొదటి రోజే కాంట్రాస్ట్ సీటీ కావాలని అటెండెంట్లు పట్టుబడతారు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా. మొదటి రోజు సీటీలో కుళ్లబోయే క్లోమం కూడా దాదాపు మామూలుగా కనిపించవచ్చు. నొప్పి మొదలై 72 నుంచి 96 గంటలు గడిస్తేనే ఎంత కుళ్లిందో తేలుతుంది. తొందరపడి తీస్తే తప్పుడు ధైర్యం వస్తుంది, నాలుగో రోజు మళ్లీ కాంట్రాస్ట్ ఇవ్వాల్సి వస్తుంది, అప్పటికి క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. జబ్బు అదో కాదో అనుమానముంటేనే ముందే తీయండి. పొట్ట అల్ట్రాసౌండ్ మాత్రం అందరికీ మొదటి రోజే, పిత్తాశయంలో రాళ్ల కోసం. కామెర్లు, చలిజ్వరంతో పిత్తనాళం చీము పట్టినట్టుంటే 24 గంటల్లో ఈఆర్‌సీపీ (ఎండోస్కోపుతో పిత్తనాళం అడ్డు తీసే చికిత్స) చేయగలిగే చోటికి పంపాలి.

సీటీ స్కోరులో వాపుకు 0 నుంచి 4, కుళ్లుకు 0, 2, 4, 6 మార్కులు, మొత్తం 10. కుళ్లు 30 శాతం లోపైతే 2, సగం వరకు 4, సగం దాటితే 6. ఎంత ఎక్కువ వచ్చినా అవయవాలు బాగుంటే దాన్ని ‘తీవ్రం’ అనరు, మధ్యస్థమే.

పంపాల్సి వస్తే

ఏరియా ఆస్పత్రిలో ఉన్నవాళ్లు ఎప్పుడు రెఫర్ చేయాలి? మార్షల్‌లో ఏదైనా 2 వస్తే, బైసాప్ 3 వస్తే, 24 గంటల తర్వాత కూడా సిర్స్ పోకపోతే. తిరుపతికో వేలూరికో అన్నది దూరం, మంచం ఖాళీ చూసి ముందు ఫోన్ చేసి తేల్చుకోండి. రెండు లావు సూదులు, కాథెటర్, ఆక్సిజన్ ఉండాలి. నిండు బి టైపు సిలిండర్లో సుమారు 1,500 లీటర్లుంటాయి. నిమిషానికి 6 లీటర్లయితే నాలుగు గంటలు, 10 లీటర్లయితే రెండున్నర గంటలు. గేజి సగం చూపిస్తే ఇవి సగమవుతాయి. ఘాట్ రోడ్డు, వర్షం లెక్కలో వేసుకోండి.

రెఫరల్ చీటీలో ‘అక్యూట్ ప్యాంక్రియాటైటిస్, మెరుగైన వైద్యానికి’ అన్న ఒక్క వాక్యం అవతలి డాక్టరుకు ఏమీ చెప్పదు. నొప్పి మొదలైన తేదీ, గంట. మొదటి నాడి, బీపీ, శ్వాస. గది గాలిలో శాచ్యురేషన్. మొదటి హిమటోక్రిట్, యూరియా, క్రియాటినిన్. ఇప్పటిదాకా ఎక్కిన డ్రిప్పు, వచ్చిన మూత్రం. ఇచ్చిన నొప్పి మందులు, యాంటిబయాటిక్. చేత్తో ఆరు వరుసలు చాలు.

కేస్‌షీట్‌లో పేరు

24 గంటలకు, 48 గంటలకు, ఏడో రోజున మూడు అవయవాల మార్కులు తిరిగి రాయండి. అవయవ వైఫల్యం లేదు, క్లోమం చుట్టూ నీరు, కుళ్లు లేవు, పాత జబ్బు విషమించలేదు అంటే స్వల్పం. ఆకలేస్తే తిననివ్వండి, మెత్తని అన్నమో ఇడ్లీయో, లైపేజ్ దిగే దాకా నోరు కట్టనక్కర్లేదు. 48 గంటల్లో కోలుకున్న వైఫల్యమో, నీరో కుళ్లో ఉంటే మధ్యస్థం. 48 గంటలు దాటిన వైఫల్యం తీవ్రం. ఏడో రోజు తర్వాత కొత్తగా జ్వరం, తెల్ల కణాలు పెరగడం, దిగిన నాడి మళ్లీ ఎక్కడం కనిపిస్తే కుళ్లిన చోట ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడాలి. సీటీలో కుళ్లు మధ్య గాలి బుడగలు ఆ అనుమానాన్ని దాదాపు ఖాయం చేస్తాయి. సర్జరీ, గ్యాస్ట్రో యూనిట్లకు ఆ రోజే కబురు పంపండి.